జ్ఞానతల్లి వరస

మా చర్చిలో భద్రమైన అభ్యంగనం తరగతి నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు నేను ఏమీ అనలేదని చెప్పాలి. ఒక ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు నన్ను ఆపారు. తెలుగు ఇళ్ల పిల్లలు ఎనిమిదిమంది ఉన్నారనీ, ప్రార్థనలు తెలుగులోనే నేర్పాలని వాళ్ల నానమ్మలు పట్టుబడుతున్నారనీ, తెలుగు చదవడం వచ్చిన మనిషి కావాలనీ హిందీలో చెప్పారు. నావల్ల కాదని చెప్పడానికి నేను వాక్యం కూర్చుకుంటున్నాను. నాకు వాక్యం కూర్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. అది పూర్తయ్యేలోగా ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, "థాంక్యూ బేటా" అని దీవించి వెళ్లిపోయారు. వాక్యం మాత్రం బాగా కుదిరింది. ఇంటికి వెళ్లి డైరీలో రాసుకున్నాను.

జ్ఞానస్నానం పసితనంలో ఇస్తారు. అప్పుడు మన తరఫున పెద్దవాళ్లు మాట్లాడతారు. కాస్త ఈడు వచ్చాక ఆ మాటలు మనమే మన నోటితో చెప్పాలి. బిషప్ గారు నుదుట తైలం పూసి పవిత్రాత్మ ముద్ర వేస్తారు. అదే భద్రమైన అభ్యంగనం. అంటే నోరు విప్పాల్సిన సంస్కారం. దానికి పిల్లల్ని తయారుచేయడానికి మా చర్చి మొత్తంలో నన్ను ఎంచారు. సూరత్‌లో పర్వత్ పాటియాలోని ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తాను నేను. రోజంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. వాటిలో పాటలేమీ రావు. అవి ఉంటే ఎవరూ పలకరించరు, అంతే.

తరగతి చర్చి వెనుక రేకుల షెడ్డులో. పక్కనే బండ్లు నిలిపే చోటు. పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను నెమ్మదిగా చెబుతుంటే మంగళవార్త జపాన్ని గుజరాతీ అక్షరాల్లో రాసుకునేవాళ్లు. నెమ్మదిగా అన్నది వేగం గురించే అనుకున్నాను. మొదటిరోజే తెలిసింది, గొంతు గురించి కూడా అని.

"పవిత్రాత్మ వరాలు ఎన్ని?" అని అడిగాను. ఎవరూ తల ఎత్తలేదు. మళ్లీ అడిగాను. వెనకనుంచి ఒకడు, "మిస్, మీరు వాట్సాప్‌ల వాయిస్ పంపుండ్రి, మేం సౌండ్ పెంచుకుంటం" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు ముందువరసలో ఒక అమ్మాయి వెనక్కి తిరిగి షెడ్డు రేకులు అదిరేలా అరిచింది: "పవిత్రాత్మ వరాలు ఎన్ని అని అడుగుతుంది రా! చెవులల్ల దూది పెట్టుకున్నరా?"

ఏడు, ఏడు అని కేకలు వచ్చాయి.

ఆ అమ్మాయి పదో తరగతి. నవాగామ్ నుంచి వాళ్ల అన్న బండి మీద దించేవాడు. నాన్నది మగ్గాల కార్ఖానాలో పని, ఇల్లు ఆ కార్ఖానా గోడకు ఆనుకునే. పొద్దస్తమానం ఆ చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో అందరివీ పెద్ద గొంతులు. ఆ రోజు నుంచి నేను ప్రశ్న గొణిగేదాన్ని, ఆమె దాన్ని ఊరికి వినిపించేది. ఏడు వరాల్లో ధైర్యం ఒకటి. ఆ పాఠం నేను పెదవుల మీదే చెప్పాను, ఆమె గొంతెత్తి చెప్పింది. పిల్లలకు ధైర్యం గురించి బాగానే అర్థమయింది.

వానాకాలం పోయి కొంచెం చలి మొదలయ్యాక ఫాదర్ గారు అసలు సంగతి చెప్పారు. ఉత్తరాయణ్ పతంగుల పండుగ అయిన తర్వాతి ఆదివారం బిషప్ గారు వస్తారు. అభ్యంగనం పొందే ప్రతి ఒక్కరి వెనకా ఒకరు నిలబడి, కుడి భుజం మీద చెయ్యి వేసి, ఆ పేరు బిషప్ గారికి చెప్పాలి. ఆడపిల్లకైతే జ్ఞానతల్లి. కన్నతల్లి పనికిరాదు. జ్ఞానతల్లి ఈ సంస్కారం ఇదివరకే పొందినదై ఉండాలి. జ్ఞానతల్లి లేని పిల్ల ఆగాలి. ఈసారి ఆగితే బిషప్ గారు మళ్లీ ఈ పని మీద మా చర్చికి వచ్చేదాకా ఆగాలి. అదెన్నేళ్లో ఎవరికీ తెలియదు.

"అక్కా, నాకు నువ్వే ఉండాలె" అంది ఆ అమ్మాయి తరగతి అయ్యాక. "మా గల్లీ మొత్తానికి చెప్పిన, బిషప్ గారు నా నెత్తి మీద ముద్ర ఏస్తడని. మా పక్కింటోళ్లు మన చర్చోళ్లు కాదు, ఆళ్లు గూడ చూడనీకె వస్తమంటుండ్రు. నేను ఆగుడు నడువది."

నేను తలూపాను. ఎవరైనా కోరి నన్ను ఎంచుకోవడం అదే మొదటిసారి. ఫాదర్ గారు ఎంచుకున్నది తెలుగు చదవడం వచ్చిన మనిషిని.

మావాళ్లలో పద్ధతి ఏమిటంటే, జ్ఞానతల్లిగా ఉండమని పిల్ల అడిగితే చాలదు. పిల్ల తల్లి పండ్లు తీసుకుని ఇంటికి వచ్చి అడగాలి. వచ్చే ఆదివారం వస్తారేమోనని నేను ముందుగది సర్దాను. ఆ తర్వాతి ఆదివారం కూడా సర్దాను. కుర్చీలు ఎందుకు తుడుస్తున్నావని అమ్మ అడిగింది. దుమ్ముగా ఉన్నాయన్నాను.

వాళ్లు రాలేదు. నన్నే భోజనానికి రమ్మన్నారు.

"రా బిడ్డా, రా. ఫ్యాన్ కింద కూసో" అంది పిల్ల తల్లి. గోడ అవతల మగ్గాలు దడదడలాడుతున్నాయి. ఆమెకు వాటి ఉనికే తెలియనట్టుంది. "గింత సన్నగున్నవేంది? మీ అమ్మ అన్నం పెడుతలేదా?"

"అక్కా, నీళ్లు" అని పిల్ల గ్లాసు తెచ్చింది.

"అక్క ఏందే, అక్క! టీచర్ అనాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

చదువు చెప్పేవాళ్లంటే ఆమెకున్న గౌరవానికి నా కళ్లు చెమర్చాయి. అదీ కాక, సర్వపిండిలో పచ్చిమిర్చి ఎక్కువగా ఉంది.

"నీకు సర్వపిండి ఒత్తుడు వస్తదా?"

తల అడ్డంగా ఊపాను.

"తియ్యి, నేర్చుకుంటే వస్తది. చీరలు కట్టుతవా, ఎప్పుడు గీ డ్రెస్సులేనా? మేం గట్టిగ మాట్లాడితే నీకు తలకాయ నొస్తదా? పొద్దుగాల ఎన్నిగంటలకు లేస్తవ్?"

జ్ఞానతల్లి అర్హతల గురించి నేను చదివినదాంట్లో సర్వపిండి ప్రస్తావన లేదు. అయినా ఇది పరీక్షేనని అర్థమై, వచ్చినంతవరకూ తలతోనే జవాబులు చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోతోంది. పాసయ్యాననే అనుకున్నాను.

పిల్ల కూడా అదే అనుకున్నట్టుంది. "మరి టీచర్‌నే నాకు జ్ఞానతల్లిగ అడుగరాదే అమ్మా" అంది.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "టీచర్‌కు ఎందుకే తక్లీఫ్? మీ చిన్నమ్మ వరంగల్ కెళ్లి వస్తనన్నది గదా."

"చిన్నమ్మకు టికెట్ దొరుకలేదన్నవ్?"

"తత్కాల్‌ల దొరుకుతది."

"చిన్నమ్మకు అసలు అభ్యంగనమే కాలేదట గదా!"

"అయింది. నువ్వు పుట్టకముందే అయింది. నీకేమెరుక? పెరుగు తే పో."

తిరిగి వెళ్లేటప్పుడు నన్ను దించి రమ్మని కొడుకును పంపింది. అతను ఎంబ్రాయిడరీ మిషన్లు బాగుచేస్తాడు. స్పీడ్‌బ్రేకర్లు వచ్చిన ప్రతిచోటా బండి నెమ్మది చేశాడు. ఒక సిగ్నల్ దగ్గర మాత్రం, "మీరు అస్సలు మాట్లాడరట గదా" అన్నాడు. నేనేమీ అనలేదు. "మంచిది. మా అమ్మకు మస్తు నచ్చింది" అన్నాడు. పచ్చలైటు పడింది.

ఆ తర్వాత వారం వారం కొత్త కబురు. వరంగల్ చిన్నమ్మకు మోకాలు పట్టేసింది. ఆమె బదులు ఉధ్నాలో ఉండే ఒక నర్సమ్మ వస్తుంది. నర్సమ్మకు ఆ రోజు డ్యూటీ పడింది. ఇంకో మలయాళీ ఆంటీని అడిగారు, ఆమె అప్పటికే ఇద్దరికి ఒప్పుకుంది. మొత్తానికి నన్ను తప్ప సూరత్‌లో ఉన్న కతోలిక స్త్రీలందరినీ పిల్ల తల్లి అడిగింది. ప్రతి ఆదివారం నన్ను చూసి అంతే ప్రేమగా నవ్వేది, డబ్బాలో ఏదో ఒకటి పెట్టి ఇచ్చేది. పాఠం చెప్పడానికి పనికొచ్చి, భుజం మీద చెయ్యి వేయడానికి పనికిరాని లోపం నాలో ఏముందోనని నేను చాలా పేజీలు రాశాను. ఆ పేజీలు ఇప్పుడు చదివితే భాష బాగుంది.

పండుగకు ఒక వారం ముందు ఆ అమ్మాయి తరగతి అయ్యాక నన్ను బండ్ల మధ్యలోకి లాక్కెళ్లింది. తన జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించింది.

"అక్కా, నువ్వు మా అన్నను చేసుకుంటవా?"

నా చేతిలోని పుస్తకం కింద పడింది.

"నీకు ఎరుకలేదా? అమ్మ నిన్ను కోడలిగ చేసుకుందామనుకుంటుంది. నువ్వు నాకు జ్ఞానతల్లివైతే అమ్మ వరసైతవ్. నాకు అమ్మవైతే అన్నకు గూడ అమ్మవే గదా. ఇగ పెండ్లి ఎట్లయితది? గందుకే నిన్ను అడుగుతలేదు. నిన్ను అక్క అంటే గూడ కసురుతది. అక్కంటే అన్నకు చెల్లె వరసైతదట."

నా కళ్లు చెమర్పించిన ఆ గౌరవం గుర్తొచ్చింది.

"నేనే ఎందుకు?" అన్నాను.

"నోట్ల నాలుక లేని పిల్ల, బంగారం అంటది. మా ఇంట్ల అందరం లొల్లి పెడుతం గదా, ఒక్కలన్న ఊకుంటే సల్లగ ఉంటదట."

"మీ అన్న ఏమంటాడు?"

"వాడా? అమ్మ ఏది వండితే అది తింటడు." ఆమె పుస్తకం తీసి దుమ్ము దులిపి నా చేతిలో పెట్టింది. "సూడక్కా. నీకు ఇష్టముంటే చెప్పు. నేను ఈసారి ఆగుత. వచ్చేసారి చిన్న పోరగాండ్లతోని కూసుంట, ఏంగాదు, నువ్వు వదినెవైతవు గదా. ఇష్టం లేకున్నా చెప్పు. కానీ ఏదో ఒకటి చెప్పు. ఊకోకు."

నేను ఊరుకున్నాను. కాకపోతే ఇంటికి వెళ్లి, చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ పక్కన కూర్చుని నేనూ రెండు తుంచి, అప్పుడు అడిగాను.

"వాళ్లు ఇంకా నోరు తెరిచి అడుగలేదనుకో" అంది అమ్మ. "ఆమె పూజల కలిసినప్పుడల్లా అంటనే ఉంది. పండుగ అయినంక వస్తరట. నీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తది?"

"వాళ్లింటికి పోయినవ్. తిన్నవ్. పిల్లగాని బండి మీద వచ్చినవ్. వారం వారం డబ్బాలు తెస్తున్నవ్. ఏమన్న అంటివా? ఏమనలేదు గదా. మీ నాయిన, నేను సరే అనుకున్నం."

నాన్న పాండేసర డైయింగ్ మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆయన కూడా సరే అనుకున్న మనిషిలాగే కనిపించాడు.

ఆ అబ్బాయిలో తప్పేమీ లేదు. ఆ ఇంట్లోనూ లేదు. ఏం చదువుతావని వాళ్లలో ఒక్కరు అడిగి ఉంటే నేను ఇంకోలా ఆలోచించేదాన్నేమో. కానీ వాళ్లకు కావలసింది నా నోరు మూసి ఉండటం. మాట్లాడకపోవడం నాకు అలవాటు. ఆ ఇంట్లో అది ఉద్యోగం అవుతుంది, సెలవులు లేని ఉద్యోగం. పైగా ఎప్పుడైనా ఒక రోజు నాకు గట్టిగా ఏదైనా అనాలనిపిస్తే, మోసం చేశానంటారు.

ఇంకో పని కూడా చేశాను. ఫాదర్ గారి గదిలో అద్దాల బీరువా ఉంది, అందులో చర్చి చట్టాల లావు పుస్తకం ఒకటి ఉంది. పాఠం కోసమని అడిగి తెచ్చుకున్నాను. అభ్యంగనంలో జ్ఞానతల్లిగా నిలబడినామె ఆ పిల్ల అన్నను పెళ్లాడకూడదని అందులో ఎక్కడా లేదు. ముందు నుంచి వెతికాను, వెనుక నుంచి వెతికాను. ఆ వరస మావాళ్లు తమంతట తాము తెచ్చి కలిపినదే. పుస్తకం తుడిచి, ఉన్నచోటే పెట్టి వచ్చాను.

బిషప్ గారు వచ్చే ముందురోజు సాయంత్రం చర్చిలో రిహార్సల్ పెట్టారు. ఫాదర్ గారు ఒక్కొక్క పేరే పిలుస్తున్నారు. పిల్లవాడో పిల్లో ముందుకు నడవడం, వెనక జ్ఞానతండ్రో జ్ఞానతల్లో నడవడం, భుజం మీద చెయ్యి. ఆ అమ్మాయి పేరు పిలిచారు. ఆమె ఒక్కతే వెళ్లి నిలబడింది.

"ఈమె జ్ఞానతల్లి ఎక్కడ?" అన్నారు ఫాదర్ గారు హిందీలో.

బెంచీల్లోంచి పిల్ల తల్లి లేచింది. "కల్ సుబే ఆతీ ఫాదర్. ట్రేన్ మే హై." రేపు పొద్దున వస్తుందట, రైల్లో ఉందట.

"రేపటి మాట కాదమ్మా. నేను ముందే చెప్పాను. ఈ రోజు ఇక్కడ నిలబడని వాళ్లు రేపు నిలబడరు. పిల్ల ఈసారికి ఆగాలి."

ఆ అమ్మాయి ఏదో ఒకటి అరుస్తుందని అందరమూ ఎదురుచూశాం. అరవలేదు. తల్లి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. చెప్పుల్లేని తన పాదాల వైపు చూసుకుంటోంది. రేపు చూడటానికి వచ్చే పక్కింటివాళ్లకు ఏం చెప్పాలో ఆలోచిస్తోందని నాకు తెలిసింది.

నేను పక్క గోడ దగ్గర కుర్చీలో వాక్యం కూర్చుకుంటున్నాను. మర్యాదైన వాక్యం, కారణాలతో సహా. అది సగంలో ఉండగానే నా నోటి నుంచి వేరే మాట బయటికి వచ్చింది.

"మై హూఁ, ఫాదర్."

"కౌన్ బోలా?" అని ఆయన బెంచీలన్నీ వెతికారు. నన్ను మాత్రం చూడలేదు. నేను మాట్లాడతానని ఆయనకు ఎలా తోస్తుంది? లేచి నిలబడి, ఇంకోసారి, ఈసారి అందరికీ వినిపించేలా అనాల్సి వచ్చింది. తర్వాత ముందుకు నడిచి ఆ అమ్మాయి కుడి భుజం మీద చెయ్యి వేశాను. ఫాదర్ గారు జాబితాలో ఆమె పేరు పక్కన నా పేరు రాసుకున్నారు.

బయట మరియమ్మ విగ్రహం ఉన్న గుహ దగ్గర వాళ్ల అమ్మ నన్ను ఆపింది. కోపంగా లేదు. కలిపిన పిండి ఎవరో తొక్కినట్టు చూస్తోంది.

"ఎంత పని చేసినవ్ బిడ్డా. నీకు ఎరుకేనా, నేనేమనుకున్ననో?"

"ఎరుకే, ఆంటీ."

ఆమె కాసేపు నా ముఖం చూసింది. ఆమెకు ఇంకా ఒక ఆశ మిగిలి ఉందని నాకు అర్థమయింది. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చెప్పు. జ్ఞానతల్లి అయినంక ఆ ఇంట్ల ఇంకో వరస కలుపుకోవద్దు గదా? నిజంగ వద్దంటరా? లేకుంటే నేను ఫాదర్‌ను అడుగాల్నా?"

ఆ ప్రశ్నకు జవాబు మా చర్చిలో ఫాదర్ గారి తర్వాత నా ఒక్కదానికే తెలుసు. బీరువాలో ఏ అరలో ఉందో కూడా తెలుసు. నేను తల వంచుకుని, చున్నీ అంచు వేళ్లకు చుట్టుకుంటూ, ఒక్క మాట అనకుండా నిలబడ్డాను. అది నాకు బాగా వచ్చిన పని.

"అంతే తియ్యి" అని ఆమె నిట్టూర్చింది. "నువ్వు ఏమంటలేవంటే అంతే అన్నట్టు."

మర్నాడు చర్చి తీగల మీద తెగిన పతంగుల దారాలు ఇంకా వేలాడుతున్నాయి. బిషప్ గారి మెడ దగ్గర చిన్న మైకు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నేను మామూలుగా పలికిన ఆ అమ్మాయి పేరు స్పీకర్లలోంచి రోడ్డు దాకా వినిపించింది. నవాగామ్ నుంచి వచ్చిన పక్కింటివాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తైలం పూసినప్పుడు ఆమె "ఆమెన్" అన్నదానికి బిషప్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

పూజ తర్వాత నేను ఆమెకు డ్రెస్సు పెట్టాను, వాళ్లు నాకు చీర పెట్టారు. పద్ధతి అది. మడత విప్పితే, మా యజమాని బలవంతం మీద నేనే గీసిన నెమలి. ఈ నెమలిని ఎవరు కొంటారా అని అప్పట్లో అనుకున్నాను.

"చెల్లె" అని పిలిచింది పిల్ల తల్లి. నా వెనక ఎవరున్నారా అని చూశాను. "నిన్నే. ఇప్పటి సంది నువ్వు నాకు చెల్లెవే గదా. ఇగ మావోనికి పిల్లను సూసే బాధ్యత నీదే. నీ లెక్కనే ఉండాలె. మాట్లాడనిది."

"మాట్లాడే పిల్లనైతేనే చూస్తా, అక్కా" అన్నాను. "మాట్లాడని వాళ్లు లోపల ఏమనుకుంటున్నరో మీకు తెల్వది."

ఆమె నోరు తెరుచుకుని కూతురి వైపు తిరిగింది. "ఓయమ్మో! నూనె నీకు పూస్తే నోరు గీమెకొచ్చిందేందే?"

"నాకు ఇంకా ఎందుకే అమ్మా, ఉన్నది చాలదా?" అంది పిల్ల.

నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన ఆమె కొడుకు బండి తెచ్చి నా ముందు ఆపాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. "ఎక్కు చిన్నమ్మా, దించుత" అన్నాడు.

ఎక్కాను. సిగ్నల్ దగ్గర అతనే అడిగాడు. "చిన్నమ్మా, నిజంగనే మాట్లాడే పిల్లను సూస్తవా? ఎట్లాంటి పిల్లను?"

చిన్నమ్మ వరసలో సిగ్గుపడాల్సిన అవసరం ఏముంది? పాండేసరలో మా ఇంటి మలుపు దాకా చెబుతూనే ఉన్నాను.